మంచు సీసాలు

మే నెల. గడియారం చౌరస్తల తారు మెత్తబడ్డది.
వాజిద్ భాయ్ చేపల దుకాణంల
రెండు గంటలకోపారి నేను
మంచుగట్టిన ప్లాస్టిక్ సీసా తెచ్చి
మూల తొట్టిల వదుల్త.
చేపలకు గాదు. దానికి.

తెల్లటి ఒళ్లు, రెప్పల్లేని కండ్లు,
మెడకు రెండు దిక్కుల ఎర్రటి కుచ్చులు,
మొఖం మీద ఎప్పుడు జూసినా ఒకటే నవ్వు.
ఆక్సలాటల్ అంటరట. నాకు నోరు తిరగదు.
నేను సల్లదొర అంట.

బోరు నీళ్లు దానికి పడయి.
మా మర్రిగూడ దిక్కు అవి మనుషులకే పడలే.
మా అన్న ఐలయ్య నలభై ఏండ్లకే
కొడవలి తీరు వంగిండు,
ఎముక మీద ఎముక, అక్కర లేని కాడ పెరిగి.
పెరుగుడంటె అంతా మంచికే అనుకోకుండ్రి.
కృష్ణా నల్లా వచ్చినప్పుడు బిందెల పట్టి
ఒక దినం ఉండనిచ్చి పోస్త.

జోడి కావాలని ఇంకొకటి తెచ్చిండు భాయ్.
ఆకలికి అది దీని ముంగటి కాలు
మోచెయ్యి దాక కొరికి మింగింది.
నేను తొట్టి ముంగట కూలబడ్డ.
మిర్యాలగూడ మిల్లు, తవుడు దుమ్ము, బెల్టు,
నా రెండు వేళ్లు.
నొప్పి తర్వాత తెలిసింది.
మిల్లు ఆగలేదన్నది ముందు తెలిసింది.

సల్లదొర మాత్రం నవ్వుతనే ఉన్నది.

భాయ్ బిడ్డ నౌషీన్ పెద్ద దవాఖాన కాలేజిల చదువుతది.
తెల్ల కోటు మోకాళ్ల మీదేసుకొని చెప్పింది:
"అండాలక్కా, దెబ్బ తాకితె మన ఒంటికి తొందర.
రక్తం ఆపాలె, చీము పట్టొద్దు,
మచ్చ పెట్టి తాళం ఏస్తది.
దీనికి గూడ ఒక్క దినంలనే తోలు కప్పుతది,
కాని తాళం పడదు.
కింద కణాలు చేస్తున్న పని ఇడిచిపెట్టి
ఒక్కకాడ కూడి మొగ్గైతయి.
అన్నీ మర్వవు. కండది కండనే అయితది.
మోచెయ్యి కాడ తెగితె మోచెయ్యి కిందిదే మొలుస్తది,
భుజం మల్ల రాదు.
నరం వచ్చి పలకరియ్యకపోతె ఆ మొగ్గ ఎదగదు."

వెన్ను నరం తెగినా అతుక్కుంటదట.
గుండెల ముక్క పోయినా నింపుకుంటదట.
గుండెపోటు మచ్చలు, కాలిన తోళ్లు,
మంచం పట్టిన నడుములు,
వాటి కోసమే డాక్టర్లు దీని దిక్కు జూస్తున్నరట.

"మరి నాకు?" అన్న.
కోటు గుండీ తిప్పుకుంట కూసున్నది జరసేపు.
"తెల్వదక్కా. నా కాలంల గూడ అయితదో కాదో."
అబద్ధం ఆడలేదు. అందుకే ఆమెకు చాయ్ పోసిన.

పోస్తుంటె యాదికొచ్చింది.
మా మనుమరాలు వైశూ, మూడేండ్లప్పుడు,
బీరువ తలుపుల వేలి కొన పడ్డది.
కుట్లేద్దామన్నడు ఆరెంపీ.
దవాఖాన డాక్టరమ్మ వద్దన్నది:
గోరు మొదలు మంచిగున్నది, కట్టు కట్టి ఊకోండ్రి.
రెండు నెలలకు కొన గుండ్రంగ వచ్చింది, గోరుతో సహా.
మేము అమ్మవారికి కొబ్బరికాయ కొట్టినం.

నౌషీన్ చాయ్ కింద పెట్టి లేచింది.
"గదే అక్కా! మనకు గూడ జరంత వచ్చు.
వేలి కొస వరకు వచ్చి ఆగిపోయినం."

పదిహేను దినాలకు జొన్న గింజంత మొగ్గ.
తర్వాత తెడ్డు. తెడ్డుకు గాట్లు.
ఇయ్యాల లెక్కపెట్టిన: నాలుగు వేళ్లు.
వాటికి ముంగటి కాలికి నాలుగేనట.
నాకు మూడు.
మా ఇద్దరికి తేడా ఒక్కటే, అని భాయ్‌తో అంటె
నవ్వాల్నో వద్దో తెల్వక
చేపల గింజలు తూకమేసిండు.

ఒకటి మాత్రం నౌషీన్‌కు చెప్పలేదు.
మంచు సీసా పట్టుకున్నప్పుడు
లేని రెండు వేళ్లు గూడ జివ్వుమంటయి.
నరం ఇంక వచ్చి అడుగుతనే ఉన్నదేమో,
తాళం మీద తట్టి.

కరెంటు పోయింది.
సీసల మంచు చింతగింజంత మిగిలింది.
కిరాణపాయన ఫ్రిజ్ తెరవొద్దని మొత్తుకుంటడు.
మొత్తుకోనీ.